రెండో హారన్

ఒక మాట చాలా ఏళ్ళుగా నా లోపల ఉండిపోయింది. అన్నం తింటున్నా ఉంది, పిల్లల తల దువ్వుతున్నా ఉంది. మా ఆయన పోయేదాకా ఆయనకు చెప్పలేదు. కన్న పిల్లలకు చెప్పలేదు. నీ ముఖం నాకు తెలియదు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగొద్దు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. వాక్యం ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదువుకో. జరిగింది మాత్రం తప్పిపోదు, నాకు అంతా జ్ఞాపకం ఉంది. అదే నా కర్మ.

యుద్ధం జరుగుతున్న కాలం. మా ఊరు పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ, రోడ్డు వంపు తిరిగే చోట. మా వంటింటి గోడకు అవతల రోడ్డే. పెట్రోలు సరిగా దొరకని రోజులు, బండ్లు తక్కువ. మా ఇంట్లో గడియారం లేదు. ఆ బండ్ల హారన్లే నాకు గడియారం. అప్పటి హారన్లు రబ్బరు బుడ్డి పిసికితే మోగేవి. ఒక్కో బండిది ఒక్కో గొంతు. మదనపల్లె బస్సుది దగ్గు పట్టిన ముసలాయన గొంతు. బెల్లం లారీది ఎద్దు రంకె. పెద్దింటి నాయుడు గారి కారు బుడ్డికి ఎక్కడో చీలిక ఉన్నట్టుంది, మోత చివర సన్నగా ఈల వచ్చేది. బస్సు పోతే ఎసరు పెట్టేదాన్ని. లారీ పోతే సంగటి దించేదాన్ని. సాయంత్రం పిల్లలకు ముద్దలు పెడుతూ ఆ హారన్లన్నీ నోటితో మోగించేదాన్ని. వీధిలో పిల్లలంతా మా గడప దగ్గర చేరేవాళ్ళు.

మా అత్త ఎత్తిపొడిచేది. "నా కొడుకు పెండ్లాన్ని తెచ్చుకున్న్యాడా, మోటారు కొనుక్కున్న్యాడా? ఇంగ దీనికి నాలుగు చక్రాలే తక్కువ!" అని. ఎత్తిపొడుస్తూనే పైట అడ్డం పెట్టుకుని నవ్వేది.

బెల్లం లారీ నడిపే ఆయన పేరు దస్తగిరి. పుంగనూరు నుంచి మదనపల్లె మండీకి బెల్లం తోలేవాడు. ఎండాకాలం మా ఇంటి ముందు ఆపి నీళ్ళు అడిగేవాడు. తాగి, పిల్లల చేతుల్లో తలా ఒక బెల్లం ముక్క పెట్టి పోయేవాడు. ఆయనతో నాకు అంతకంటే ఎక్కువ పరిచయం లేదు. అంతకంటే తక్కువా లేదు.

నాయుడు గారి సంగతి వేరు. నా చిన్న కూతురు కడుపులో అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులు ఎత్తేసింది. మా ఆయన పరిగెత్తుకుంటూ పోయి పెద్దింటి గడప ముందు నిలబడితే, నాయుడు గారు భోంచేస్తున్న చెయ్యి కడుక్కుని లేచారట. తానే కారు తోలుకుని వచ్చి, మదనపల్లెలో మిషన్ ఆసుపత్రికి చేర్చారు. ఆ సీటు నా రక్తంతో తడిసిపోయింది. దాని గురించి ఆయన ఆ రోజూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. నేను బతికాను. బిడ్డ బతికింది.

ఆ బిడ్డకు పళ్ళు వస్తున్న రోజుల్లో జరిగింది ఇది.

మధ్యాహ్నం నుంచి జడివాన. ఊరంతా తలుపులు వేసుకుని ఉంది. బెల్లం లారీ వంపు దగ్గర ఎప్పటి మాదిరి హారన్ కొట్టి పోయింది. కొంతసేపటికి కారు వచ్చింది. హారన్ పొడుగ్గా మోగింది, చివర ఈలతో సహా. ఆ వెంటనే మూట కింద పడ్డట్టు ఒక చప్పుడు. కారు ఆగింది. ఇంజను ఆడుతూనే ఉంది. తర్వాత పోయింది. నేను బిడ్డకు పాలిస్తున్నాను. బిడ్డను దించి, గోనెపట్ట నెత్తిన వేసుకుని బయటికి వచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. పక్కన కాలువలో యల్లప్ప ఉన్నాడు. కంబళ్ళు భుజాన వేసుకుని ఊరూరూ నడిచి అమ్ముకునే ఆయన. కంబళ్ళు నీళ్ళు పీల్చి ఆయనకంటే లావుగా ఉన్నాయి. నోట్లో నీళ్ళు పోశాను. మింగలేదు.

నేను కేకలు వేస్తే జనం వచ్చారు. ఏ బండి అని అడిగారు. చూడలేదు అన్నాను. అది నిజమే. అక్కడిదాకా నేను అబద్ధం ఆడలేదు.

పోలీసులు వచ్చి విచారించారు. ఆ వానలో ఆ దారిన పోయినవి రెండే, లారీ, కారు. పోయిన మాట ఇద్దరూ ఒప్పుకున్నారు, ఎవరినీ గుద్దలేదన్నారు. లారీ క్లీనరుకు జ్వరం కాబట్టి ఆ రోజు దస్తగిరి ఒక్కడే ఉన్నాడు. కారులో నాయుడు గారూ ఒక్కరే. బండ్ల మీద ఆనవాలు ఏదైనా ఉన్నా వాన కడిగేసింది. ఇక ఇన్‌స్పెక్టరుకు దారి దొరకలేదు. అప్పుడు మా వీధి పిల్లలే చెప్పారట, ఈ ఇంట్లో అక్క హారన్ వింటే బండి పేరు చెప్తాది అని. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. రెండు బండ్లనూ మా ఇంటి ముందుకు తెప్పించాడు.

ఆ పొద్దున నాయుడు గారి భార్య మా ఇంటికి వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ మా గడప తొక్కలేదు. చాప మీద కూర్చుని నా బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. పాదం నిమురుతూ, "నిలబడతాండాదా?" అంది.

"పట్టుకుని నిలబడతాండాదమ్మా."

"మంచిది" అంది. బిడ్డను నా చేతికి ఇచ్చి వెళ్ళిపోయింది.

అంతే. ఇంకేమీ అడగలేదు. నాతో ఎవరూ అబద్ధం ఆడమని చెప్పలేదు. ఎవరైనా బెదిరించి ఉంటే ఈ రోజు నీకు చెప్పడం ఎంత సులభంగా ఉండేది! ఆ మంచిది అన్న మాటలో ఏముందో ఎన్నోసార్లు తరచి చూశాను. అందులో ఏమీ లేదేమో. ఒక తల్లి ఇంకొక తల్లి బిడ్డను చూడడానికి వచ్చిందేమో. అందులో ఉందని నేను అనుకున్నదంతా నా భయమేనేమో.

నన్ను వంటింట్లో కూర్చోబెట్టి తలుపు మూశారు. బయట ఊరంతా చేరింది. కానిస్టేబులు మొదట ఒక బుడ్డి పిసికాడు. ఈల వినిపించింది. తర్వాత రెండోది పిసికాడు. రంకె వినిపించింది. పిల్లలు కిచకిచ నవ్వారు. తలుపు తీశారు.

"ఏమమ్మా, బాగా విన్న్యావా? తొందర లేదు. దెబ్బ పడక ముందర నీకు వినిపించింది మొదటిదా, రెండోదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దాన్ని అడగాల్నా సార్? నిద్దర్లో లేపి అడిగినా చెప్తాది" అని గుంపులో ఎవరో అన్నారు.

నాయుడు గారు కారు పక్కన నిలబడి నేల చూస్తున్నారు. దస్తగిరి మాత్రం నా వైపే చూస్తున్నాడు. ఆయన ముఖంలో భయం లేదు. ఇప్పుడు ఈ గొడవ తీరిపోతుంది, ఈమె చెప్పేస్తుంది అన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకమే నన్ను ఇన్నేళ్ళు తిననిచ్చింది కాదు.

"రెండోది" అన్నాను.

గుంపు అంతా భలే భలే అంది. మా అత్త కూడా అంది. దస్తగిరి మాత్రం, "అమ్మా, సరిగ్గా విన్న్యావా? ఇంగొకసారి వినమ్మా" అన్నాడు. కానిస్టేబులు ఆయన భుజం పట్టుకున్నాడు.

మదనపల్లె కోర్టులో దేవుని మీద ప్రమాణం చేసి మళ్ళీ అదే చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు మొదటిసారి అంత కష్టం కూడా అనిపించలేదు. అది కూడా నీకు చెప్పాలి. ఆయనకు జైలు పడింది, లైసెన్సు పోయింది. నాయుడు గారు కారు అమ్మేశారు. వీధిలో నేను ఎదురైతే ముఖం తిప్పుకునేవారు. నేను హారన్లు మోగించడం మానేశాను. యాల మానేసినావని అత్త అడిగితే గొంతు బాగలేదన్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి ఎండాకాలం. మా ఆడబిడ్డ కూతురి పెండ్లికి ముందుగా నేనొక్కదాన్నే కుప్పం పోయాను. వాళ్ళది శాంతిపురం దారిలో పల్లె. కుప్పంలో జట్కా ఎక్కాను. ఇంకొకాయన కూడా ఎక్కాడు, ఆయనా ఏదో పెండ్లికే. బండి తోలే సాయిబు గడ్డం నెరిసి ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా బండి ఆపి, దిగి, గుర్రం కళ్ళెం పట్టుకుని నడిపించుకుంటూ పోయి, మలుపు దాటాక మళ్ళీ ఎక్కేవాడు.

"ఏం సాయిబూ, గుర్రం నిన్ను లాగుతాండాదా, నువ్వు గుర్రాన్ని లాగుతాండావా?" అన్నాడు పక్కనున్నాయన.

"మలుపు గదప్పా. అవతల ఎవరుండారో."

"ఈ లెక్కన మేము పోయేలోపల పెండ్లికూతురికి బిడ్డ పుడతాది!"

సాయిబు గొంతును నేను ఎక్కిన కాసేపటికే గుర్తుపట్టాను. పైట తల మీదికి లాక్కుని కూర్చున్నాను. పక్కనున్నాయన దారిలో దిగిపోయాడు. బండి కదిలాక దస్తగిరి వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"నన్ను గుర్తుపట్టినావు గదమ్మా. పిల్లలు బాగుండారా?"

"బాగుండారన్నా."

"నీ మీద నాకు కోపం లేదమ్మా. జైల్లో మొదట్లో ఉండింది. తర్వాత నేనే ఆలోచన చేసినా. నీ చెవి తప్పదు గదా. వానలో అద్దం కనపడల్యా, వెనక బెల్లం బరువు. నాకు తెలీకనే తగిలుంటాది అనుకున్న్యా. బయటికొచ్చినాక యల్లప్ప ఊరికి పోయి, ఆయన పెండ్లాము కాళ్ళ మీద పడినా. ఆయమ్మ లోపలికి పోయి తలుపు మూసుకునింది."

నేను గుర్రం కాళ్ళు చూస్తూ ఉన్నాను.

"ఒకటే నాకు తెగడం లేదమ్మా. గుద్దక ముందర హారన్ మోగింది అని కోర్టులో చెప్తివి. హారన్ కొట్టినానంటే మనిషిని సూసినట్టే గదా? సూసి, గుద్ది, ఆపకుండా పోయినానా? మళ్ళీ దాన్ని మర్సిపోయినానా? నేను అట్లాంటోణ్ణా అమ్మా? నువ్వు విన్న్యావు గదా. నువ్వు చెప్పు."

దారి మీద మనుషులు లేరు. పొద్దు ఇంకా బాగా ఉంది. నా కూతురు బడికి పోయే ఈడుకు వచ్చింది, నాయుడు గారికి కారు లేదు, ఇన్‌స్పెక్టరు ఎక్కడికో బదిలీ అయి పోయాడు. నిజం చెబితే నాకు పోయేదేముంది? నా మాట మీద ఊరికి ఉన్న నమ్మకం పోతుంది. మా ఆయన నన్ను ఒక చూపు చూస్తాడు. అంతే గదా! ఆ ఎదుటి మనిషి మాత్రం తాను ఎలాంటివాడో తనకే తెలియకుండా, ప్రతి మలుపులో దిగి నడుస్తున్నాడు. ఒక్క మాట చెబితే ఆయన బండి ఎక్కి కూర్చునేవాడు. ఇవన్నీ అప్పుడే తోచాయి. తర్వాత తోచినవి కావు. నోరు తెరిచాను కూడా.

"నాకు గుర్తు లేదన్నా" అన్నాను.

"పోనీలేమ్మా. ఎన్నేండ్లాయె" అన్నాడు.

ఇంకో మలుపు వచ్చింది. దిగాడు.

మొదటి అబద్ధానికి నా దగ్గర ఒక కారణం ఉంది. బిడ్డను చూపిస్తాను, రక్తంతో తడిసిన సీటును చూపిస్తాను. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అదొక కారణం. ఈ రెండోదానికి ఏం చూపించను? కుప్పం దారిలో నన్ను ఎవరు పట్టుకున్నారు? ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు. సిగ్గు తప్ప ఏమీ లేదు అక్కడ. సిగ్గు కోసం ఒక మనిషిని అట్లా వదిలేశాను.

కొన్నేళ్ళకు మా ఆడబిడ్డ మాటల మధ్యలో అంది, ఆ నడిపించుకుని పోయే జట్కా సాయిబు చనిపోయాడని. కొడుకూ కూతురూ కోలారు పక్కకు పోయారట. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

నాయుడు గారూ పోయారు. యల్లప్ప భార్య ఉందో లేదో తెలియదు. నన్ను క్షమించగలిగిన వాళ్ళు ఎవరూ మిగలలేదు. ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. నిన్నూ అడగడం లేదు. ఇది రాశాక ఏదో తేలికైనట్టు ఉంది, అలసట తీరినట్టు మాత్రం లేదు. ఇంతకాలం ఈ మాట నా ఒక్కదాని దగ్గర ఉంది, ఇప్పుడు నీ దగ్గరా ఉంది. కోలారు పక్కన దస్తగిరి పిల్లలు ఎప్పుడైనా నీకు తారసపడితే చెప్పు. మీ నాయన ఆ రోజు ఎవరినీ గుద్దలేదని. ఎవరినీ చూసి ఆపకుండా పోలేదని. చెప్పింది ఎవరని అడిగితే, ఆ రోజు హారన్ విన్న మనిషే చెప్పిందని చెప్పు.