రాపిడి గడిలో పది మార్కులు

మా అన్న మోటారుసైకిలు పాత ఇనుప ఇంజనుది. ఇప్పటి బండ్లలో ఇంజనుకూ గేర్లకూ క్లచ్‌కూ ఒకే నూనె తిరుగుతుంది. దీంట్లో అలా కాదు. ఎడమ పక్కన ఒక అల్యూమినియం మూత, దాని లోపల ఇంజను బలాన్ని క్లచ్‌కు అందించే ప్రైమరీ చెయిను, క్లచ్, వాటికి మాత్రమే వేరే నూనె. అర లీటరుకు కాస్త తక్కువ పడుతుంది. ఆ నూనె నేను ఎంచుకున్నాను.

అన్న వేప్పనపల్లి దగ్గర మా మామిడితోట చూసుకుంటాడు. నేను హోసూరులో బేరింగులు చేసే ఫ్యాక్టరీలో, నాణ్యత విభాగంలో పనిచేస్తాను. మామిడికాయల కాలానికి ముందు ఆ బండి క్లచ్ ప్లేట్లు పూర్తిగా అరిగిపోయాయి. కంపెనీవి దొరకలేదు. వేప్పనపల్లి మెకానిక్ బయటి తయారీ ప్లేట్లు తెప్పించి బిగించాడు. అందులో ఒక ప్లేటు ఎక్కువ, స్ప్రింగులు గట్టివి. ఆయన ముప్పై ఏళ్లుగా అదే అంగడిలో బండ్లు విప్పుతున్న మనిషి. ఇక నూనె పోయడం మిగిలింది. అది నేను చూసుకుంటానని అన్నాను.

ఎందుకన్నానో మూడు కారణాలు చెప్పగలను. ఒకటి, చదివిన చదువు. రెండు, ప్లేట్ల డబ్బాలో నూనె గురించి ఒక్క ముక్క కూడా రాసి లేదు. మూడు, తోట భారమంతా అన్న మీద వదిలి వచ్చినవాణ్ణి, ఆయనకు చేసిపెట్టగలిగిన పని నాకు అంతకు మించి కనపడలేదు.

నాలుగు నూనెల వివరాలు తీసి పట్టిక వేశాను. చిక్కదనం, వేడికి నిలకడ, నురుగు, చెయిను అరుగుదల, రాపిడి. ఒక్కో గడికి పది మార్కులు. రాపిడి గడిలో, ఎంత తక్కువ రాపిడి ఉంటే అన్ని ఎక్కువ మార్కులు వేశాను. బేరింగుల మధ్య పనిచేసేవాడికి అందులో తప్పు కనపడదు. మా దగ్గర రాపిడి అంటే లోపం. కార్ల కోసం చేసిన సింథటిక్ నూనె ఒకటి ఆ గడిలో పదికి పది తెచ్చుకొని అన్నింటికన్నా పైన నిలిచింది.

డబ్బా తీసుకొని అంగడికి వెళ్లాను. మెకానిక్ మూత తిప్పి, చూపుడువేలి మీద రెండు చుక్కలు వేసుకొని బొటనవేలితో రుద్దాడు.

"ఇది నూనె కాదప్పా, సబ్బు. ప్లేటు పట్టుకోవాల. దీంట్లో ఎట్ల పట్టుకుంటుంది? నేను ఎప్పుడూ పోసే నూనె పొయ్, చాలు."

నేను పట్టిక చూపించాను. కాగితానికి మరకలు అంటకుండా చేతులు వెనక్కి పెట్టుకొని, మెడ వంచి చూశాడు.

"మార్కులు బాగొచ్చినాయి" అన్నాడు.

పక్కనున్న అన్న నవ్వాడు. నేనూ నవ్వి నా డబ్బాలోదే పోశాను.

ఊళ్లో, తోట దారిలో బండి బాగానే తిరిగింది. కొన్ని వారాలకు అన్న ఫోనులో ఏదో మాట మధ్యలో, యాక్సిలరేటరు తిప్పితే ఇంజను అరుస్తోంది గానీ బండి అంత ముందుకు పోవడం లేదన్నాడు. కొత్త ప్లేట్లు కదా, సర్దుకుంటాయన్నాను. నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు ఆ మాట చెప్పడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మామిడికాయలు దిగిన తర్వాత అన్న రెండు మూటలు వెనక కట్టుకొని హోసూరు బయలుదేరాడు. కురుబరపల్లి దగ్గర పెద్ద రోడ్డెక్కాడు. అక్కడినుంచి మేలుమలై కొండ ఎక్కాలి. సగం ఎక్కాక ఇంజను గట్టిగా అరిచి బండి దాదాపు నిలబడిపోయింది. వెనక వస్తున్న కంటైనరు లారీ ఆపుకోలేకపోయింది. కాలు తీసేయాల్సిన అవసరం రాలేదని ఆసుపత్రిలో చెప్పారు. కుడి మోకాలు మాత్రం ఇక మడవదన్నారు. చెట్టెక్కి కొమ్మకు అంటు కట్టే మనిషికి ఆ మాట చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

తప్పు ఎవరిదన్నది ఊరే తేల్చేసింది. మెకానిక్ బయటి ప్లేట్లు వేసి మనిషిని కుంటివాణ్ణి చేశాడని మా వదిన ఏడ్చింది. చుట్టాలు అదే మాట నాలుగు ఊళ్లకు మోశారు. రోడ్డు వరకు బండ్లు నిలబడే ఆ అంగడి ముందు ఒకటో రెండో కనపడేవి. ఆ దారిన పోయేటప్పుడు నేను అటు చూసేవాణ్ణి కాదు.

మా ఫ్యాక్టరీలో ఏదైనా భాగం చెడితే ఐదుసార్లు ఎందుకని అడిగి జవాబులు రాయాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో అన్న ప్రమాదానికి ఆ కాగితం రాశాను. లారీ ఎందుకు కొట్టింది? బండి నిలబడిపోయింది. ఎందుకు? క్లచ్ జారింది. ఎందుకు? మూడో జవాబు దగ్గర నూనె వచ్చింది, నాలుగో జవాబులో నేను వచ్చాను. మనిషి తప్పును కారణంగా రాయకూడదు, పద్ధతిలో లోపంగా రాయాలన్నది మా ఫ్యాక్టరీ నియమం. "నూనె ఎంపిక పద్ధతిలో లోపం" అని రాసి, సొరుగులో పెట్టి, రెండు నెలలు తీయలేదు.

శూలగిరి పోలీసు స్టేషను నుంచి బండి విడిపించాక హ్యాండిలు సరిచేయించాను. అన్న మూటలంత బరువుగా ఇసుక మూటలు కట్టి, రోడ్డు ఖాళీగా ఉండే ఆదివారం పొద్దున మేలుమలై ఎక్కాను. సగంలో ఇంజను అరిచింది, బండి నీరసించింది. అంచుకు తీసి ఆపేశాను. తరువాతి ఆదివారానికి ప్లేట్లు విప్పి పెట్రోలుతో కడిగి, అవే బిగించి, మెకానిక్ చెప్పిన మామూలు నూనె పోశాను. మరేదీ మార్చలేదు. అవే మూటలు, అదే గేరు. బండి ఎక్కడా జారకుండా పైకి పోయింది.

ఆ రోజే ఊరికి వెళ్లాను. అన్న పంచలో మంచం మీద కాలు చాపుకొని ఉన్నాడు.

"అన్నా, ప్లేట్లు కాదు. నేను పోసిన నూనె."

అన్న తల తిప్పలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"అనుమానం రెండు నెల్లుగా ఉంది."

"ఆయప్ప రెండు నెల్లుగా అంగట్లో ఈగలు తోలుకుంటా కూర్చోనుండాడు" అన్నాడు. "నాకు చెప్పి ఏమి లాభంరా? ఆడికి పోయి చెప్పు. నలుగురు ఉన్నప్పుడు చెప్పు."

మెకానిక్ అంగడికి ఎదురుగా ఉన్న టీ అంగడి నిండే వేళ చూసుకొని వెళ్లాను. ఆయన గరుకు కాగితంతో ప్లగ్గు రుద్దుకుంటున్నాడు. టీ తాగేవాళ్లకు వినపడేలా మొత్తం చెప్పాను. ఆయన చేతిపని ఆపలేదు.

"నాకు తెలుసప్పా. ఆ దినమే తెలుసు."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పింటే? తప్పు తాను చేసి, పిల్లోడి మింద నెట్టేస్తాండాడు అంటారు. నీ దగ్గర కాగితం ఉండె. నా దగ్గర ఏముండె, ఈ వేలు తప్ప." ప్లగ్గును వెలుతురుకు పట్టి చూసి పక్కన పెట్టాడు. "ఆ బండి మాత్రం ఇంగ ఈడికి తేవద్దు."

ఆయన దగ్గరకు బండ్లు కొన్ని తిరిగి వచ్చాయి. అన్నీ రాలేదు.

మా బండి కిక్కు కుడి పక్కన ఉంటుంది. అన్న ఇక దాన్ని స్టార్టు చేయలేడు, అమ్మనూ అమ్మడు. ఆదివారాల్లో నేను వెళ్లి కిక్కు కొట్టి, కాసేపు ఇంజను తిరగనిస్తాను. నూనె మార్చే రోజున అన్న కర్రతో వచ్చి కుర్చీ వేసుకుంటాడు.

"ఏమి పోస్తాండావు?"

"ఆయప్ప చెప్పిందే."

అన్న చూపుడువేలు చాపుతాడు. నేను రెండు చుక్కలు వేస్తాను. బొటనవేలితో చాలాసేపు రుద్ది చూసుకుంటాడు. తుండుకు తుడుచుకొని తల ఊపేదాకా నేను డబ్బా పట్టుకొని నిలబడతాను.