రాని బాకీల జాబితా

డిగ్రీ కాగితం చేతికొచ్చిన ఆ కొత్తలో, లోకంలో నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది సిలబస్‌లో లేనిదే అనుకునేవాణ్ణి. గద్వాలలో ఒక ఆడిటర్ సారు దగ్గర నెల రోజుల పరీక్ష మీద చేరాను. నిలబడితే ఉద్యోగం, లేదంటే పెద్దమందడిలో మేనమామ కిరాణా కొట్లో చక్కెర పొట్లాలు కట్టడం. (నా పొట్లాల మీద మామకూ నమ్మకం లేదు.) మొదటి పనిగా సారు నన్ను అయిజలో ఎరువుల సేటు దగ్గరికి పంపారు. రైతులకు ఏళ్ల తరబడి ఇచ్చిన ఉద్దెరంతా, వచ్చేదీ రానిదీ కలిపి, ఆయన ఆదాయపు పన్ను రిటర్నులో ఆస్తిగా చూపిస్తున్నాడు. కాగితం మీద కోటీశ్వరుడు, గల్లాపెట్టెలో చిల్లర. రాని బాకీలేవో విడదీసుకు రమ్మన్నారు సారు.

నేను దుకాణం నడిమధ్య కుర్చీ వేసుకుని, "ఇది వచ్చేది, ఇది రానిది" అంటూ పేర్లన్నీ గట్టిగా చదివాను. యూరియా కోసం నిలబడ్డ జనం వింటున్నారన్న ఇంగితం నాకెక్కడిది? మల్దకల్ నుంచి వచ్చిన మిరప రైతు, పెద్దాయన, నా ముందుకొచ్చాడు.

"నా బాకీ రాదని నీకెవరు చెప్పిండ్రు? గిది సర్కారుకు పోతదా?"

పోతుందని గర్వంగా చెప్పాను.

"అయితే నా ఇజ్జత్ ఢిల్లీ దాకా పోయినట్టే."

మర్నాటి నుంచి చూడాలి తమాషా! 'రానిది' కింద పడ్డవాళ్లంతా పేరు మార్పించుకోవడానికి నోట్లు పట్టుకుని వరస కట్టారు. 'వచ్చేది' కింద ఉన్నవాళ్లేమో, తాము మంచివాళ్లమని నేను సర్కారుకే రాసిచ్చాక ఇక తొందరేముందని కాళ్లు చాపుకున్నారు. సేటు నవ్వాలో ఏడవాలో తెలియక సారుకు ఫోను కలిపాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆఖరున పెద్దాయన వచ్చి బాకీ కట్టాడు, ఐదు వందలు తప్ప. అదీ ఇస్తే పేరు కొట్టేస్తానన్నాను.

"వద్దు బిడ్డా. మొత్తం కడితే సేటు పుస్తకంల నా పేరే ఉండదు. మల్ల ఏమనుకుంట వస్త ఈడికి?"

సేటు కూడా, అంతే కదా అన్నట్టు తలూపాడు. ఆ ఐదు వందలు ఎటు రాయాలో తోచక జాబితాలో రెండు వైపులా రాసి పట్టుకెళ్లాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వి, రేపు జర తొందరగా రమ్మన్నారు. ఉద్యోగం అలా నిలిచింది.

ఇప్పుడు ఆ లెక్కలు నేనే చూస్తున్నాను. పెద్దాయన లేడు. మొన్న సేటు కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని, "అన్నా, గీ ఐదు వందలు ఇగ రావు గదా, తీసేద్దామా?" అంది.

"రావు చెల్లె. ఆస్తులల్లనే ఉండనీ" అన్నాను. అన్నది నేనేనా అని నాకే నవ్వొచ్చింది.