పురుగు బతికే నీళ్లు

మా పెద్దమ్మ హనుమాయమ్మ మంచం పట్టేముందు చేసిన ఆఖరి పని నీళ్లు వడగట్టడం. వసారా పక్కనున్న సిమెంటు గాబులోంచి చెంబుతో నీళ్లు ముంచి, బిందె మూతికి కట్టిన పాత పంచె ముక్క మీద పోసింది. వేళ్లు అప్పటికే ముడుచుకుపోయి ఉన్నాయి కాబట్టి చెంబుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని పోసింది. బిందె నిండాక గుడ్డ విప్పి, దాని మీద గిలగిలా కొట్టుకుంటున్న పురుగుల్ని జాగ్రత్తగా మళ్లీ గాబులోనే జాడించింది. ఒకటి గచ్చు మీద పడితే, వేలు తడి చేసుకుని దాన్ని అంటించి తీసి నీళ్లలో వదిలింది. ఆ తర్వాత కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లింది.

అది రెండువేల ఆరు వానాకాలం. ఊరంతా జ్వరంతో వంగిపోయి ఉంది. ఆ జ్వరాన్ని మోసే దోమకి ఇలాంటి గాబులే పురిటి గదులని ఊరు చెప్పింది, ఆరోగ్యశాఖ చెప్పింది, గోడల మీద నీలం రంగుతో రాసి మరీ చెప్పారు. పెద్దమ్మ విన్నది. ఆమెకి అర్థమైంది కూడా. అయినా ఆ పురుగుల్ని పారబోయలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఊరి డ్రమ్ముల సంగతి చెప్పాలి.

మాది అద్దంకి దగ్గర పల్లె. కింద ఉప్పునీళ్లు, పైన పత్తి, మిరప. సాగర్ కాలవ దయతలిస్తే చెరువులోకి, చెరువు దయతలిస్తే కుళాయిలోకి మంచినీళ్లు వచ్చేవి. వచ్చిన రోజు ఇంట్లో బోర్లించిన ప్రతిదాన్నీ వెల్లకిలా తిప్పి నింపేవాళ్లు. గాబులు, బిందెలు చాలక డ్రమ్ములు కొనడం మొదలైంది. వాటిని గుంటూరు నుంచి లారీల్లో తెచ్చి సెంటర్లో దించేవాళ్లు. ఏం పోసిన డ్రమ్మయ్యా అని అడిగితే అమ్మేవాడు సబ్బు నూనె అనేవాడు. అతని మాట నమ్మితే ఆ రోజుల్లో మన దేశంలో సబ్బు నూనె తప్ప మరేదీ తయారయ్యేది కాదు. డ్రమ్ము మీద పుర్రె బొమ్మ ఎవరికైనా కనిపిస్తే, అతను నొచ్చుకోకుండా ఇంత రంగు పూసి ఇచ్చేవాడు.

తొంభై ఎనిమిదిలో పత్తిని పచ్చపురుగు తినేసింది. మందు మీద మందు కలిపి కొట్టారు. దుకాణాల వాళ్లు డాక్టర్ల కంటే ధీమాగా చీటీలు రాశారు. పచ్చపురుగు చావలేదు. కాలవల్లో చేపపిల్లలు చచ్చాయి, కప్పలు చచ్చాయి, తూనీగలు కనపడకుండా పోయాయి. అంటే దోమపిల్లల్ని తినే జీవాలన్నిటినీ మేమే పనిగట్టుకుని వదిలించుకున్నాం. ఈ సంగతి ఆనాడు ఊళ్లో ఎవరూ గమనించలేదు, దోమ తప్ప.

పెద్దమ్మ భర్త, మా పెదనాన్న బుల్లయ్య, ఆ ఏడే చనిపోయాడు. మధ్యాహ్నం ఎండలో మందు కొడుతూ గట్టు మీద కూలిపోయాడు. నోట్లో నురగ. ట్రాక్టరులో వేసుకుని ఆసుపత్రికి బయల్దేరితే ఊరి పొలిమేర దాటకముందే ప్రాణం పోయింది. పత్తి పోయిన ఏడు, పత్తి వేసిన మనిషి, దగ్గర మందు వాసన. ఊరు ఇంకో ప్రశ్న అడగకుండా తీర్పు చెప్పేసింది, మందు తాగాడని. ఆ రోజుల్లో మా ఊళ్లో మందు వాసన రాని మగవాడెవడో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

పెద్దమ్మ ఒక్కతే కాదంది. ఆయన తాగింది నీళ్లేనని, కొత్తగా కొని పొలానికి పంపిన డ్రమ్ములో నీళ్లని, ఆ డ్రమ్మే చంపిందని అంది. సాక్ష్యం చూపిద్దామంటే ఆ డ్రమ్ముని అప్పటికే ఎవరో పుణ్యాత్ములు శుభ్రంగా కడిగి ఎండలో బోర్లించారు. చావు జరిగిన చోట ఏదో ఒక సాయం చెయ్యకుండా ఉండలేరు మా ఊరి వాళ్లు.

పెదకర్మ అయ్యాక పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పంట పోయి మందు తాగిన రైతు కుటుంబానికైతే ప్రభుత్వం సాయం చేస్తుందట. పొరపాటున నీళ్లు తాగి చనిపోయినవాడికి మాత్రం ఏ పథకమూ లేదట. కాబట్టి పోయిన మనిషి ఎటూ పోయాడు, కావాలనే పోయాడని ఒక్క వేలిముద్ర వేస్తే అందరికీ బాగుంటుందని నచ్చజెప్పారు. వాళ్లలో కొందరు నిజంగా ఆమె మేలు కోరే వచ్చారని చెప్పడం న్యాయం.

పెద్దమ్మ వాళ్లకి మజ్జిగ ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి అంది:

"ఆయన నన్నొదిలి పోదామనుకోలా. అనుకున్నాడని నా చేత చెప్పించమాకండి."

మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆడదానికి అంత పంతం పనికిరాదని దారిలో అనుకున్నారు.

ఆ తర్వాత ఆమెకి మిగిలింది ఒకటే పని. ఆయన మందు తాగలేదని ఊరి చేత అనిపించడం. చదువు లేదు, కోర్టు లేదు, డ్రమ్ము కూడా లేదు. కానీ వాకిట్లో గాబు ఉంది. ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యని ఆ గాబులో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదేవి. అవి అందరి గాబుల్లోనూ ఉండేవి, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, గుడ్డతో వడగట్టుకుని తాగేవాళ్లు. కొత్త డ్రమ్ముల్లో మాత్రం అవి కనపడేవి కావు. పెద్దమ్మ చాలాకాలం చూసి ఒక నిర్ణయానికొచ్చింది. పురుగు బతికే నీళ్లలో విషం ఉండదు.

తర్కంలో లోపం వెతికితే దొరకదు. పత్తిచేలో పురుగు చావాలని మందు కొడతాం. మరి పురుగు బతికిందంటే మందు లేనట్టే కదా. మందు కొట్టినా చేలో పురుగులు చావడం లేదన్న విషయం గుర్తుచేసి ఆమెని ఇబ్బంది పెట్టినవాళ్లు లేరు.

అలా మా ఊళ్లో డ్రమ్ముల పరీక్ష మొదలైంది. ఎవరు కొత్త డ్రమ్ము కొన్నా బూడిదతో, చింతపండుతో తోమి, నీళ్లు నింపి, పెద్దమ్మకి కబురు పెట్టేవాళ్లు. ఆమె తన గాబులోంచి పురుగులున్న నీళ్లు ఒక చెంబు తీసుకెళ్లి అందులో పోసేది. మర్నాడు వెళ్లి, కొంగు తలమీదికి లాక్కుని, వంగి చూసేది. పురుగులు ఈదుతుంటే డ్రమ్ము నెగ్గినట్టు. చచ్చి తేలితే మళ్లీ తోమాలి. మా మండలంలో కాపీలు జరగని పరీక్ష అదొక్కటే. పరీక్ష నెగ్గిన పురుగుల్ని మాత్రం ఎవరూ వెనక్కి ఇచ్చేవాళ్లు కాదు. అవి ఆ ఇంట్లోనే ఉండిపోయేవి.

పక్కింటి కోటేశ్వరి కొన్న డ్రమ్ములో ఒకసారి పురుగులన్నీ చచ్చిపోయాయి. పెద్దమ్మ ముఖం అంత వెలిగిపోవడం నేను మళ్లీ చూడలేదు. కోటేశ్వరి చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లి, చూడవే, ఇట్టాంటి నీళ్లేనే ఆయన తాగింది అని చెప్పింది. కోటేశ్వరి పాపం అవునక్కా అంది. అని, పెద్దమ్మ వెళ్లాక తన భర్తతో, పిచ్చిది, ఇంకా మర్చిపోలేకపోతోంది అంది. మా గోడకీ వాళ్ల గోడకీ మధ్య మాట దాచేంత దూరం లేదు. పెద్దమ్మ అది విని, ఇంకో వీధిలో డ్రమ్ము చూడ్డానికి వెళ్లింది.

జ్వరం వచ్చిన ఏడు ముందు కాళ్లు పట్టేసేవి, తర్వాత మణికట్లు, తర్వాత వేళ్లు. జ్వరం దిగినా కీళ్లు వదిలేవి కావు. మిరపనారు నాటాల్సిన రోజులు. వంగడానికి ఎవరికీ ఇబ్బంది లేదు, అందరూ వంగే ఉన్నారు. నిటారుగా లేవడమే కష్టమైంది. జన్మలో ఎవరికీ తలవంచని మోతుబరులు కూడా ఎదురైన ప్రతివాడికీ వినయంగా కనిపించారు.

పంచాయతీ వాళ్లు వెంటనే మురుగుకాలవ మీద యుద్ధం ప్రకటించారు. కాలవ గట్ల మీద బ్లీచింగు పౌడరు ముగ్గులా చల్లారు. సాయంత్రాలు పొగమిషన్ తిప్పారు. ఈ దోమ సంగతి నాకు తర్వాత తెలిసింది. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లటి పట్టీలు. మురుగు ముట్టదు, మడి కట్టుకున్నట్టు మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. కుట్టేదంతా పగలే కాబట్టి, పొగమిషన్ వచ్చేవేళకి అది ఆ రోజు పని ముగించుకుని మంచం కింద విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. పైగా నీళ్లు తీసేసినా గాబు గోడకి అంటిన గుడ్లు నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ తడి తగలగానే లేస్తాయి. పంచాయతీ కంటే ఓపిక, పట్టుదల ఉన్న జీవి.

చివరికి మొహిద్దీన్ బాషా అనే మలేరియా వర్కరు వచ్చాడు. అతనొక్కడే కాలవ వైపు చూడకుండా ఇళ్లల్లోకి వచ్చాడు. పెద్దమ్మ గాబులో చూసి, గాజుసీసాలో నాలుగు పురుగులు పట్టి, మూతికి గుడ్డ కట్టి ఆమె కిటికీలో పెట్టి వెళ్లాడు. మళ్లీ వచ్చేటప్పటికి సీసాలో దోమలు ఎగురుతున్నాయి. పెద్దమ్మ సీసాని వెలుగుకేసి పట్టుకుని చాలాసేపు చూసింది. అతను ఆ సందు చూసుకుని గాబులో మందు చుక్కలు వేశాడు. మర్నాటికి గాబులో ఒక్క పురుగూ కదల్లేదు.

అతను ఊళ్లోనే ఉన్నాడని తెలిసి పెద్దమ్మ కబురు పెట్టింది. వచ్చాక గాబు చూపించింది.

"ఏం పోశావు నాయనా ఇందులో?"

"పురుగుల మందమ్మా. మనుషులకేం కాదు. తాగొచ్చు."

"మా ఆయనకి పత్తి మందు ఇచ్చినాయన కూడా అదే అన్నాడయ్యా. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలన్నాడు."

"అది వేరు, ఇది వేరమ్మా. ఆ పురుగే దోమవుద్ది. మీరే చూశారుగా సీసాలో."

"చూశా. కాదన్లా. దోమ కుడితే కీళ్లు పోతాయి. మందు పడితే మనిషే పోతాడు. రెంట్లో ఏది కావాలో నన్ను అడిగి పోయాల్సింది."

బాషా మంచివాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ గాబు మొత్తం వీధిలోకి తోడి పోయించింది. బాషా సంతోషించాడు. ఆ సంతోషం కుళాయి వచ్చేదాకానే. నీళ్లు నిండగానే ఆమె కోటేశ్వరి ఇంటికెళ్లి, వాళ్ల డ్రమ్ములోంచి ఒక చెంబు పురుగునీళ్లు అడిగి తెచ్చుకుంది. ఏ ఇంట్లో అడిగినా ఇచ్చేవాళ్లే. అన్నీ ఆమె పంచిపెట్టినవే.

ఈలోగా ఊరికి లెక్క అర్థమైంది. ఇంటింటికీ పురుగుల్ని మోసింది ఎవరో గుర్తొచ్చింది. మొగుడు మందు తాగి పోయాడు, పెళ్లాం ఊరి కీళ్లు విరగ్గొట్టింది అని అరుగుల మీద అన్నారు. ఆ అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఎన్నో ఏళ్లు ఆమె చూసి ఒప్పుకున్న డ్రమ్ముల్లో నీళ్లే తాగి బతికారు. కోటేశ్వరి మొహమాటం వదిలి మొహం మీదే అడిగింది, ఇప్పుడన్నా పారబొయ్యొచ్చుగదక్కా, ఎందుకింత పంతమని.

"పారబోస్తే మీరంతా ఏమంటారే? అదంతా వట్టి పిచ్చి అంటారు. అది పిచ్చయితే ఆయన మందు తాగినట్టేగా."

 

నీళ్లు వడగట్టి నడుం వాల్చిన పెద్దమ్మ మళ్లీ లేవలేదు. కీళ్లనొప్పులకని ఊళ్లో ఆర్ఎంపీ రోజూ ఇచ్చిన బిళ్లలు ఆమె కడుపుని, మూత్రపిండాల్ని తినేశాయని తర్వాత పెద్ద డాక్టరు అన్నాడు. జ్వరంతో ఎవరూ చావరని అప్పటికి ప్రభుత్వం పేపర్లో ప్రకటించి ఉంది కాబట్టి, ఆమె జ్వరంతో చనిపోలేదు.

శవానికి స్నానం చేయించడానికి, వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి ఆ రోజు ఆమె గాబు అడుగంటా తోడారు. ఆరోగ్యశాఖ చెయ్యలేని పని ఊరు ఒక్క పూటలో చేసింది. కోటేశ్వరి గాబుని కొబ్బరిపీచుతో గోడలు అంటా రుద్ది కడిగింది, ఏడుస్తూనే.

రెండేళ్ల తర్వాత మిరపకల్లంలో చెంచయ్యతో మాట్లాడుతున్నాను. అతను చాలా ఏళ్లు మా పొలాల్లో మందు కొట్టిన కూలీ. ఇప్పుడు కాయలు ఆరబోసే పనికి వస్తున్నాడు. దాహమేసి నా సీసాలో నీళ్లడిగితే ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, సీసాలో నీళ్లు ఎంత హాయో అన్నాడు. అప్పట్లో డ్రమ్ముల్లో తాగి వాంతులు చేసుకునేవాళ్లమని, మీ పెదనాన్నగారు పోయిన రోజు కూడా తను వాంతులతో ఇంటికిపోయి పడుకున్నానని మాటల మధ్య చెప్పాడు.

ఆ రోజు నువ్వు కూడా ఆ డ్రమ్ము నీళ్లే తాగావా అని అడిగాను.

"ఆ డ్రమ్మేనండీ. చెంబు ముంచుకుని సగం ఆయన తాగి, మిగతా సగం నా దోసిట్లో పోశాడు."

మరి పెద్దమ్మకి ఎందుకు చెప్పలేదన్నాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నన్నెవరడిగారండీ. మందు కొట్టిన రోజు వాంతి కావడం ఒకళ్లకి చెప్పుకునే సంగతా?"