నాలుగు గంటల దుబాయి

మొన్న నా కొడుకు ఫోన్‌ల చూసి, "హైదరాబాద్ నుంచి దుబాయికి నాలుగు గంటలే" అన్నడు.

మా నాయనమ్మ చనిపోయిననాడు నాకు ఎనిమిదేండ్లు. బాపు దుబాయిల కూలిపని చేస్తుండె. విమానంల నాలుగు గంటలని నాకు బాపే చెప్పిండు. మా మంథని నుంచి హైదరాబాద్ బస్సుకే అంతకన్న ఎక్కువ పడ్తుండె.

పాడె లేపుతుంటే అడ్డం నిలవడ్డ. "జర ఆగుండ్రి, పొద్దుగూకేలోపు బాపు వస్తడు. కొరివి బాపే పెట్టాలె."

"బాపు పాస్‌పోర్టు ఆడ పనిచ్చిన సేటు దగ్గరుంది బిడ్డా" అన్నది అమ్మ.

"అయితె అడిగి తీస్కొమ్మను" అన్న.

కొరివి చిన్నాయన పెట్టిండు.

బాపు మూడేండ్లకు వచ్చిండు. సంచి దించకముందే, "మా అవ్వను ఏడ కాలవెట్టిండ్రు? చూపియ్యి" అన్నడు. గోదారొడ్డుకు తోల్కపోయిన. మూడు వరదలకు గుర్తులన్నీ పోయినయి. ఏదో ఒక జాగ చూపిచ్చిన. బాపు గాడనే కూసుండి ఏడ్సిండు.