నూకెటోళ్లు

నా భార్య చనిపోయిన ఏడాది, పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సులో వెళ్తున్నాను. అక్కడ ఒక పాత కారు అమ్మకానికి ఉంది. పక్క సీట్లో ఉన్న తెల్లగడ్డం పెద్దాయన అడిగితే దాని సంగతి చెప్పాను. పెట్రోలు బాగా తాగుతుంది, టైర్లు మార్చాలి, ఇంజను మాత్రం గట్టిదేనట. చెబుతుంటే అదంతా వేరెవరి వ్యవహారమో అనిపించింది.

ఇస్నాపూర్ దాటాక బస్సు ఆగిపోయింది. కండక్టరు నోరు తెరవకముందే మగవాళ్లందరూ దిగి వెనక చేరారు. నేనూ దిగి చెయ్యి వేశాను. నా పక్కనే ఆయన. కాస్త దూరం తోశాక ఇంజను అందుకుంది.

మళ్లీ కూర్చున్నాక ఆయన అరచేతుల దుమ్ము రుమాలుతో తుడుచుకుని, ఆ రుమాలు నాకిచ్చాడు.

"ఖర్చులన్నీ సూస్కున్నరు సారూ, మంచిదే. మరి గిట్ల ఆగిపోతే నూకెటోళ్లున్నరా మీకు?"

నేనుండే క్వార్టర్స్‌లో పక్కింటాయన పేరు కూడా నాకు తెలియదు.

"చూడాలండీ," అన్నాను.

ఆ కారే కొన్నాను. చాలా ఏళ్లు నడిపాను. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగితే ఎవరొచ్చేవారో తెలియకుండానే అమ్మేశాను.