శ్రావణి బంతి వదిలిన రోజు

కరోనా తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది నాకు ఇస్నాపూర్‌లోని ఒక ప్రాథమిక బడిలో డ్యూటీ పడింది. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలకు చదువు, ఆట నేర్పడం నా పని.

నర్సవ్వ రోజూ మనవరాలు శ్రావణిని చేయి పట్టుకుని తెచ్చేది. పిల్లకు ఏడేళ్ళు, వచ్చిన మాటలు నాలుగైదే. తల్లిదండ్రులిద్దరూ కంపెనీ షిఫ్టులకు పోతారు. అందుకని నర్సవ్వ కూలిపని మానుకుని, మధ్యాహ్నం దాకా బడి అరుగు మీదే కూర్చునేది.

మా పనిలో ఇన్‌క్లూజివ్ ప్లే అని ఒకటుంది. ఎవరినీ పక్కన కూర్చోబెట్టకుండా, అందరికీ కుదిరేలా ఆటనే మార్చుకోవడం. ఖాళీ నీళ్ళ సీసాలు నిలబెట్టి, మెత్తటి బంతి దొర్లించి పడగొట్టే ఆట పెట్టాను. బంతి చేతికొస్తే శ్రావణి గుండెకు హత్తుకునేది, వదిలేది కాదు. "ఇట్లా వంగు, ముందుకు తొయ్యి, వదులు" అని నేను చెబుతూనే ఉండేదాన్ని. "ఇడువే, జల్దీ ఇడువు!" అని పిల్లలు అరిచేవారు. మూడు వారాలు ఇదే తంతు. ఒకరోజు శ్రావణి చెవులు మూసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నర్సవ్వ వచ్చి పిల్లను ఎత్తుకుంది. "ఇగ చాలు టీచరమ్మా. పిల్లను గింత పరేషాన్ చేసుడు ఎందుకు? రేపటి సంది మేం రాము."

"ఒక్క వారం చూడు అవ్వా," అని బతిమాలాను. ఆమె పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. కానీ మర్నాడు వచ్చింది.

నేను సీసాలు సర్దుతుంటే పూజ అనే పిల్ల వెళ్ళి, బంతి హత్తుకుని ఉన్న శ్రావణి ఎదురుగా నేల మీద కూర్చుంది. బిహార్ నుంచి వచ్చి రెండు నెలలే, తెలుగు రాదు. నేలను రెండుసార్లు తట్టి, అరచేతులు తెరిచి పెట్టింది. శ్రావణి ఆ చేతులనే చూస్తోంది. "వదులు" అనబోయి ఆగిపోయాను. చాలాసేపటికి బంతి మెల్లగా దొర్లి పూజ చేతుల్లోకి వెళ్ళింది. పూజ వెంటనే తిరిగి దొర్లించింది. శ్రావణి పక్కున నవ్వింది.

అరుగు మీద నర్సవ్వ లేచి నిలబడింది. "ఇచ్చింది సూడు టీచరమ్మా! మళ్ళొస్తదని ఎరికైంది దానికి."

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ పిల్లకు భయం, ఇస్తే బంతి ఇక రాదేమోనని.

ఆ ఏడాది ఆటల పోటీల్లో శ్రావణి రెండు సీసాలు పడగొట్టింది. తర్వాత పరుగెత్తి బంతి తెచ్చి, వరుసలో తన వెనకున్న పిల్ల చేతిలో పెట్టింది. తన వంతు ఆడి ఇంకొకరికి ఇవ్వడాన్ని మేం టర్న్ టేకింగ్ అంటాం. సీసాలు పడ్డప్పుడు చప్పట్లు కొట్టాను. ఇది చూసి మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇప్పుడు కొత్త పిల్లలెవరు వచ్చినా మొదటి రోజు ఏమీ చెప్పను. ఎదురుగా కూర్చుని బంతి దొర్లిస్తాను, అది తిరిగి వచ్చేదాకా ఆగుతాను. ఆ పద్ధతి నాకు నేర్పింది తెలుగు రాని పూజ.