ప్రెసిడెంటు అరుగు మీది పంచాయితీ

నా చిన్నప్పుడు మా ఊరి పంచాయితీ మీటింగులు ప్రెసిడెంటు ఇంటి అరుగు మీదే జరిగేవి. బేతంచెర్ల నాపరాళ్లతో సర్కారు కట్టించిన పంచాయితీ గది ఊరి నడుమ ఉండనే ఉండేది. దాంట్లో ఆయన వేరుశనగ బుడ్డల మూటలు వేసుకున్నాడు. ఇదేమని అడిగినవాడు లేడు. మీటింగు రోజున మెంబర్లందరికీ వాళ్లింట్లో ఉగ్గాని, బజ్జీ పెట్టేవారు. ఒకరింట చేయి కడిగి తిన్నాక, అదే గడపలో ఆ ఇంటాయనకు ఎదురు చెప్పకూడదని మా సీమ మర్యాద. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. నోట్లో ముద్ద ఉండగానే "ఏమప్పా, సమ్మతమే గదా?" అనేవాడు. తలలు ఊగేవి.

మా జేజి, అంటే మా నాయన తల్లి, ఆడవాళ్ల తరఫు మెంబరు. ఆ ఏడు ఊరికి ఒకే ఒక్క బోరు మంజూరైంది. మా కింద వీధి ఆడవాళ్లు రాళ్లు తీసిన గుంతలోకి దిగి నీళ్లు ముంచుకునే కాలం. అట్లా దిగే మా చిన్నమ్మ కాలు విరిగి మంచాన పడి ఉంది. ప్రెసిడెంటేమో బోరు తన కళ్లం పక్కన వేయించుకోవాలని చూస్తున్నాడు.

ఆ రోజు జేజి వెంట నేనూ పోయాను. ఆమె విస్తరి ముట్టలేదు.

"ఏమ్మా, తినకుండా కూర్చుండావు? కారం ఎక్కువైందా?" అన్నాడు ప్రెసిడెంటు.

"తింటే నోరు పడిపోతాదని. నీ బజ్జీకి శానా మహిమ ఉండాదప్పా. బోరు సంగతి పంచాయితీ గదిలో అడుగు, ఆడ చెప్తా."

"ఆడ బుడ్డల మూటలుండాయి. యాడ కూర్చుంటావు?"

"మూటల మీద."

లేచి నడిచింది. కాసేపటికి మెంబర్లు సిగ్గుపడి, చేతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు. ప్రెసిడెంటుకూ రాక తప్పలేదు. ఆ మూటల మీదే మీటింగు. బోరు కింద వీధికే కావాలని జేజి చేయెత్తింది. ప్రెసిడెంటు పొలమే గుత్తకు చేసుకునే ముసలాయన ఒకడు, "కళ్లానికి దప్పికైతాదా సామీ? మనుషులకు గదా" అని తనూ ఎత్తాడు. తక్కినవాళ్లు నేల చూపులు చూశారు. ఓడిపోయాం. బోరు కళ్లం పక్కనే పడింది. ముసలాయనకు గుత్త ఊడింది.

నేను ఏడిస్తే జేజి కసిరింది. "ఎందుకేడుస్తావే? ఇన్నాళ్లూ తలలూపినోళ్లు ఈ పొద్దు తల దించుకున్యారు. ఊరంతా చూసింది. ఇంగ ఆ మూటలు తీయించాల." తీయించింది కూడా. ఆ తర్వాత మీటింగు మళ్లీ అరుగెక్కలేదు.

ఇప్పుడు టీవీలో పెద్ద పెద్ద సభలు చూస్తుంటే నాకు కడుపు మండుతుంది. చల్లటి గదులు, మెత్తటి కుర్చీలు. గెలిచినవాళ్లలో కొందరు అలిగి లోపలికే రారు. వచ్చినవాళ్లు తమ నాయకుడు ఏమన్నా బల్లలు చరుస్తారు. తేల్చాల్సిందంతా ముందే ఎవరింట్లోనో తేలిపోయి ఉంటుంది. కొత్త దేశం, మెల్లగా నేర్చుకుంటుందిలే అనేవారు అప్పట్లో. నేను ముసలిదాన్నయ్యాను, ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?

అందుకే మా ఊళ్లో గ్రామసభ అంటే మోకాళ్ల నొప్పులతోనైనా పోతాను. నాకెవరూ మైకు ఇవ్వరు. ముసల్ది మళ్లీ మొదలుపెట్టిందని నవ్వుతారు. నవ్వనీ. కాదనాల్సిన చోట చేయెత్తుతాను. ఎత్తిన చేయి లెక్కలోకి తీసుకునేదాకా దించను.